అమ్ములూ, క్రియేట్ మాడ్ వేసే ముందు ఇది చదువు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కూతురు మైన్‌క్రాఫ్ట్‌లో మిల్లు పెడుతుందట, ఆదివారం క్రియేట్ అని ఏదో వేస్తానంటోంది, నా ల్యాప్‌టాప్‌కేం కాదు కదా" అంది. నీ లెక్కల నోటు వెనక పేజీ ఫోటో కూడా పంపింది. నీటి చక్రం, దాని ఇరుసు మీద పెద్ద పళ్లచక్రం, దాన్నానుకుని చిన్నది, చివర తిరగలి. పెద్దది చిన్నదాన్ని తిప్పితే వేగం రెట్టింపవుతుందని రాసుకున్నావు. పళ్లు కలిసిన రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయని బాణాలేశావు. ఆటకి చక్రాలూ యంత్రాలూ చేర్చే ఆ క్రియేట్ మాడ్‌లో అచ్చం అంతే. ఎదురు దిక్కుల్లో తిరిగే రెండు ఇరుసులని పొరపాటున కలిపితే మధ్యలో ముక్క ఊడి కింద పడుతుంది, అదొక్కటి నీ బొమ్మలో సరిచూసుకో. మిగతాదంతా బాగుంది. ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో.

చూసినకొద్దీ భయం కూడా వేసింది. అందుకే ఇంత ఉత్తరం.

మొదట ఆ ల్యాప్‌టాప్ గురించి. మీ అమ్మ ఆఫీసు పని దాని మీదే. బ్రౌజర్‌లో ఆమె మెయిలు, బ్యాంకు అన్నీ లాగిన్ అయ్యే ఉంటాయి. మాడ్ అంటే రంగుల బొమ్మల ఫైలు అనుకోకు. అది ఆటకి అదనంగా తగిలించే, జావా భాషలో రాసిన ప్రోగ్రాము. ఆట మొదలైన క్షణం నుంచి ఆ కంప్యూటర్‌లో నువ్వు ఏం చెయ్యగలవో అదీ అంతా చెయ్యగలదు. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే వైరస్ ఈ దారినే వచ్చింది. మాడ్‌లు దొరికే కర్స్‌ఫోర్జ్ అనే సైటులో కొందరు మాడ్ రచయితల ఖాతాలు దొంగల చేతికి చిక్కాయి. వాళ్ల పేరు మీదే చెడ్డ ఫైళ్లు పెట్టారు. అది బ్రౌజర్‌లో ఉన్న లాగిన్‌లు, డిస్కార్డ్, మైక్రోసాఫ్ట్ ఖాతాల వివరాలు లాగేసి, ఆ కంప్యూటర్‌లో దొరికిన మిగతా జార్ ఫైళ్లలోకి, అంటే జావా ప్రోగ్రాములుండే ఫైళ్లలోకి కూడా ఎక్కి కూర్చునేది. అంత పేరున్న చోటే అలా జరిగితే, వీడియో కింద ఎవరో పెట్టిన లింకుని ఎలా నమ్ముతావు? మీ అమ్మ చెప్పింది, నువ్వు అక్కణ్నుంచే దించబోయావట. వద్దు. ఇందులో బేరం లేదు.

మాడ్రింత్ గానీ కర్స్‌ఫోర్జ్ గానీ, ఆ రెండు సైట్లలోనే, క్రియేట్ సొంత పేజీ నుంచే దించు. వెతికితే పైన అలాంటి పేర్లతోనే నకలు సైట్లు వస్తాయి, పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు పెట్టుకుని. అక్కడ ఆగకు. దిగిన ఫైలు చివర జార్ అని ఉండాలి. విండోస్ మామూలుగా ఫైలు పేరు తోక దాచేస్తుంది, కాబట్టి చివర ఈఎక్స్ఈ ఉన్నా నీకు జార్ అనే కనిపించొచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కిందికి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా పెట్టుకో. మాడ్‌కి ఈఎక్స్ఈ వచ్చిందంటే తెరవకుండా చెరిపెయ్.

ఇంకో పని, ఇది మీ అమ్మతో కూర్చుని చెయ్యి. ఆ ల్యాప్‌టాప్‌లో నీ పేరుతో వేరే విండోస్ యూజర్ తెరవండి, స్టాండర్డ్ రకం, అడ్మిన్ వద్దు. ఆట అందులోనే ఆడు. అప్పుడు మాడ్‌లో ఏదైనా తేడా ఉన్నా అమ్మ బ్రౌజర్ దాకా చెయ్యి చాచడం కష్టమవుతుంది.

ఇక వెర్షన్. వరల్డ్‌ల జాబితాలో నీ వరల్డ్ పేరు కిందే చిన్న అక్షరాల్లో వెర్షన్ ఉంటుంది, ముందు అది చూడు. 1.20.1 గానీ అంతకంటే పాతది గానీ అయితే ఆట 1.20.1, మాడ్‌లని ఆటలోకి ఎక్కించే లోడర్ ఫోర్జ్. 1.20.1 దాటి 1.21.1 వరకు అయితే ఆట 1.21.1, లోడర్ నియోఫోర్జ్. అంతకంటే కొత్తదైతే ఆ వరల్డ్ జోలికి పోకు, మిల్లు కోసం కొత్త వరల్డ్ మొదలుపెట్టు. కొత్త వెర్షన్‌లో సేవ్ అయిన వరల్డ్‌ని పాత వెర్షన్‌లో తెరవకూడదు. ఆట హెచ్చరిస్తుంది, అయినా తెరుస్తానంటే తెరవనిస్తుంది, ఆ తర్వాత పాడైనదాన్ని బాగుచెయ్యదు.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి ఎత్తుతున్నాను. రెండేళ్ల కిందటి వేసవి.

నువ్వూ చిన్నోడూ కలిసి అమ్మమ్మ వాళ్ల మండువా ఇల్లు కట్టారు గుర్తుందా? ఓక్ దుంగల స్తంభాలు, నడిమి వాకిట్లో రాతి పలకలు, మూలన నుయ్యి. కప్పుకి ఎర్ర పెంకులు కావాలని ఒక మాడ్ వేశారు. ఆ మాడ్‌లోనే ఉన్న పెద్ద చెక్కపెట్టెని అమ్మమ్మ భోషాణం అనుకుని, వజ్రాలతో సహా ఉన్నవన్నీ అందులో దాచారు. ఆ పాత ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ. ఆట ఆగి ఆగి నడుస్తుంటే, ఏ మాడ్ వల్లో తేల్చుకుందామని ఒక్కొక్కటీ తీసేసి, తీసిన ప్రతిసారీ అదే వరల్డ్ తెరిచి చూశారు. పెంకుల మాడ్ వంతు వచ్చేసరికి ఇంటికి కప్పు లేదు. గోడలున్నాయి, స్తంభాలున్నాయి, అమ్మమ్మ మంచం మీద ఆకాశం. భోషాణం ఉన్న చోట ఖాళీ నేల. చిన్నోడు ఏడుస్తూ మాడ్ మళ్లీ వేశాడు. పెంకులు తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదో ఆ రోజు ఎవరూ నీకు సరిగా చెప్పలేదు. వరల్డ్‌ని ఆట చంక్‌లుగా దాచుకుంటుంది. ఒక్కో చంక్ 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు. అలాంటివి పొడవునా 32, అడ్డంగా 32, మొత్తం 1024 చంక్‌లు ఒక రీజియన్ ఫైలులో ఉంటాయి. ఏ చోట ఏ బ్లాకు ఉందో అందులో పేరుతో రాసి ఉంటుంది, ముందు మాడ్ పేరు, తర్వాత బ్లాకు పేరు. మాడ్ తీసేశాక ఆ పేరు ఆటకి అర్థం కాదు. అర్థం కానిచోట గాలి పెడుతుంది. లాగ్ ఫైలులో నాలుగు వరుసలు గొణుక్కుని ఊరుకుంటుంది, మీ కంటికి ఏ హెచ్చరికా పడలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆట తనంతట తనే సేవ్ చేస్తూ పోతుంది. ఒకసారి సేవ్ అయ్యాక పెంకు పేరు ఉన్న చోట గాలి అనే రాసి ఉంటుంది. ఆపైన మాడ్ మళ్లీ వేసినా చదవడానికి అక్కడ పెంకు పేరే లేదు. పెట్టె పోతే పెట్టెలో సరుకూ దాంతోపాటే పోతుంది.

బ్లాకులు చేర్చే ఏ మాడ్ తీసినా ఇదే గతి. తప్పు మాడ్ తియ్యడంలో లేదమ్మా. కాపీ లేకుండా అసలు వరల్డ్‌ని తెరవడంలో ఉంది. అప్పటికి నీకు పదకొండేళ్లు. ఆ రాత్రి నువ్వు అన్నం తినలేదని తెలిసింది. ఊళ్లో ఇల్లు అప్పటికే అమ్మేశాం, నువ్వు కట్టిందే మిగిలింది మనకి. అందుకే చెప్తున్నాను, ఇప్పుడు ఇది ముందు చెయ్యి, మిగతావి తర్వాత.

వరల్డ్ జాబితాలో నీ వరల్డ్‌ని ఎంచుకుని ఎడిట్ నొక్కు, అందులో మేక్ బ్యాకప్. తేదీ పేరుతో ఒక జిప్ తయారవుతుంది. పక్కనే ఓపెన్ బ్యాకప్స్ ఫోల్డర్ ఉంటుంది, దాన్ని తెరిచి ఆ జిప్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. అదే డిస్కులో ఉన్న కాపీని కాపీ అనను. నీ కొత్త యూజర్‌లోకి వరల్డ్ చేరేదీ ఈ పెన్‌డ్రైవ్ మీదుగానే, ఎందుకంటే డాట్ మైన్‌క్రాఫ్ట్ ఫోల్డర్ ఒక్కో యూజర్‌కి ఒక్కోటి. అక్కడ జిప్ విప్పి సేవ్స్ ఫోల్డర్‌లో పెట్టి, మాడ్ ఏదీ లేకుండా అంతకుముందు ఆడిన వెర్షన్‌లోనే ఒకసారి తెరిచి ఇంట్లోకి నడిచి చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మొద్దు. ఎప్పుడైనా ఫోల్డర్‌నే నేరుగా కాపీ చెయ్యాల్సొస్తే ఆట మూసేశాకే చెయ్యి, నడుస్తుండగా చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి.

వెయ్యడం తేలిక. 1.20.1 అనుకుని చెప్తాను. మామూలు 1.20.1ని ఒకసారి ఆడి మూసెయ్. ఫోర్జ్ సొంత సైటులో 47తో మొదలయ్యే ఇన్‌స్టాలర్ దించు. దాన్ని నడపడానికి కంప్యూటర్‌లో జావా 17 ఉండాలి. రెండుసార్లు నొక్కితే జిప్ విప్పే ప్రోగ్రాము తెరుచుకుందంటే ఫైలు చెడిపోయిందనుకోకు, కుడి బటన్ నొక్కి ఓపెన్ విత్‌లో జావా ఎంచుకో. ఇన్‌స్టాల్ క్లయింట్ అని ఉంచి ఓకే.

లాంచర్‌లో ఇన్‌స్టలేషన్స్ కింద ఫోర్జ్ కొత్తగా చేరి ఉంటుంది. దాన్ని ఎడిట్ చేసి గేమ్ డైరెక్టరీ దగ్గర మిల్లు అనే కొత్త ఫోల్డర్ చూపించు. మాడ్‌లూ సేవ్‌లూ అన్నీ ఇక అందులోనే పడతాయి, మామూలు ఆటతో కలవవు. అక్కడే మోర్ ఆప్షన్స్‌లో జేవీఎం ఆర్గ్యుమెంట్స్ వరుస మొదట్లో ఆటకి ఎంత ర్యామ్ ఇవ్వాలో చెప్పే ఎక్స్ఎమ్ఎక్స్ పక్కన 2జీ అని ఉంటుంది. ఆ 2ని 4 చెయ్యి. అమ్మ ల్యాప్‌టాప్‌కి 8 జీబీ ఉంది కదా అని 7 ఇచ్చావో, విండోస్‌కి ఊపిరాడక అంతా కలిసి నత్తనడక నడుస్తుంది.

ఒకసారి ఆడి మూస్తే మాడ్స్ ఫోల్డర్ పుడుతుంది. క్రియేట్ జార్ అందులో వెయ్యి, విప్పొద్దు. క్రియేట్ 6లో దానికి కావలసిన ఫ్లైవీల్, పాండర్ అనే తోడు మాడ్‌లు రెండూ జార్ లోపలే వస్తాయి, విడిగా తెచ్చి వెయ్యకు. ఆట వేగం పెంచుతుందనే ఆప్టిఫైన్ కూడా వద్దు, క్రియేట్ చక్రాలు గీసే పద్ధతికీ దానికీ పొసగదు. వేగం కావాలంటే 1.20.1 ఫోర్జ్‌కి ఎంబెడియం ఉంది.

ముందు కొత్త వరల్డ్ ఒకటి క్రియేటివ్‌లో, అంటే సామానంతా ఊరికే దొరికే పద్ధతిలో తెరువు. నీటి చక్రం పెట్టు, నీళ్లు వదులు, తిరగలి తిరిగిందో లేదో చూడు. ఏ వస్తువు ఎలా వాడాలో తెలియకపోతే దాని మీద మౌస్ ఉంచి డబ్ల్యూ నొక్కి పట్టుకో, కదిలే బొమ్మలతో అదే చూపిస్తుంది. అంతా సరిగా ఉందనుకున్నాకే నీ వరల్డ్ కాపీని మిల్లు ఫోల్డర్ సేవ్స్‌లో పెట్టి తెరువు. కాపీని. అసలుది పెన్‌డ్రైవ్‌లో అలాగే ఉండాలి.

ఆట తెరుచుకోకపోతే కంగారుపడి దొరికిన జార్లన్నీ మార్చెయ్యకు. తెర మీద ఏ మాడ్‌కి ఏది తక్కువైందో, ఏ వెర్షన్ కావాలో చాలాసార్లు రాసే ఉంటుంది, చదువు. అది లేకపోతే క్రాష్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లో చివరి ఫైలు, లాగ్స్‌లో లేటెస్ట్ లాగ్. సాధారణంగా కారణాలు మూడే ఉంటాయి. ఫాబ్రిక్ అనే వేరే లోడర్‌కి చేసిన జార్‌ని ఫోర్జ్‌లో వెయ్యడం, కొత్త జార్ వేసి పాతది తీసెయ్యకపోవడం, క్రియేట్ పాత వెర్షన్‌కి రాసిన అనుబంధ మాడ్‌ని క్రియేట్ 6 పక్కన పెట్టడం. చిక్కు దొరకనప్పుడు మాడ్‌లు సగం తీసి చూడు, మళ్లీ అందులో సగం. ఇదంతా ఆ క్రియేటివ్ వరల్డ్‌లోనే. నీ వరల్డ్‌లో కాదు. ఈ మాట పదిసార్లు చెప్పానని విసుక్కోకు.

చిన్నోడు లాన్‌లో, అంటే ఒకే ఇంటి నెట్‌వర్క్ మీద నీతో కలవాలంటే వాడి కంప్యూటర్‌లోనూ అవే మాడ్‌లు, అవే వెర్షన్‌లు ఉండాలి. నీ మాడ్స్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చెయ్, వాణ్ని విడిగా వెతుక్కోనివ్వకు.

తిరగలికి, పళ్లచక్రాలకి ఆండసైట్ రాయి, ఇనుప నగెట్లు, చెక్క ఉంటే సరిపోతుంది. తర్వాత ఇత్తడి సామాను దాకా వెళ్తే జింక్ కావాలి. నువ్వు ఇప్పటికే తిరిగిన చోట్ల ఎంత తవ్వినా అది దొరకదు. మాడ్ వేసేనాటికే పుట్టిన చంక్‌లలో కొత్త ఖనిజం చేరదు. ఎప్పుడూ అడుగుపెట్టని వైపు నడిచి అక్కడ తవ్వు.

ఇంకొకటి, ఇన్నాళ్లూ చెప్పలేదు. అమ్మమ్మ ఇల్లున్న పాత వరల్డ్ ఫోల్డర్‌ని, అప్పటి మాడ్‌లతో సహా, ఆ ల్యాప్‌టాప్ అమ్మేముందు నేను దాచాను. మొన్న పెన్‌డ్రైవ్‌లో వేసి మీ అమ్మకి పంపాను. ఆ రోజు మీరు ఇంటి దగ్గరే ఏడ్చి ఆట కట్టేశారు. రెండర్ డిస్టెన్స్ 8 చంక్‌ల మీద ఉంది, అంటే మీ చుట్టూ దాదాపు 128 బ్లాకుల మేరే ఆట తెరిచింది. పొలం గట్టున చిన్నోడు కట్టిన మకాం అక్కడికి 400 బ్లాకుల దూరం. దాని చంక్‌లని ఆ రోజు ఆట తెరవలేదు, తిరిగి రాయలేదు. 1.19.2, ఫాబ్రిక్, పెంకుల మాడ్ అదే పాత జార్, అన్నీ వేరే గేమ్ డైరెక్టరీలో పెట్టుకుని, మాడ్ ఎక్కిందో లేదో కొత్త వరల్డ్‌లో ఒక పెంకు పెట్టి చూసుకున్నాకే ఆ వరల్డ్ కాపీ తెరువు. నూతి దగ్గర్నుంచి తూర్పుకి నడువు. మకాం మీద పెంకులు అలాగే ఉన్నాయి.

నీ పిన్ని