యూదులు తలరాతను నమ్ముతారా? అంతా దేవుడికి ముందే తెలిస్తే పాపం మనిషిది ఎట్లా అవుతుంది?

నేను పండితుణ్ణి కాదు. జగిత్యాల నుంచి కేర్‌గివర్ వీసా మీద పోయి, ఇజ్రాయెల్‌లోని రామత్ గాన్‌లో ఒక ముసలాయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను. ఆయన్ని సబా అనేవాణ్ణి, అంటే తాత. నాకు తెలిసిందంతా ఆయన వంటింట్లో తెలిసిందే.

తలరాత లాంటిది వాళ్లకూ ఉంది. యూదుల పాత ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉన్న ముచ్చట ఒకటి సబా చెప్పేవాడు. బిడ్డ కడుపులో పడేటప్పుడు లైలా అనే దేవదూత ఆ బీజపు చుక్కను దేవుడి ముందు పెట్టి, వీడు బలవంతుడా బలహీనుడా, తెలివైనవాడా మూర్ఖుడా, ఉన్నోడా లేనోడా అని అడుగుతాడట. మంచివాడా చెడ్డవాడా అని మాత్రం అడగడట. ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

యూదులు ఉపవాసం ఉండి పాపాలకు క్షమాపణ అడిగే రోజు యోమ్ కిప్పూర్. దానికి వారం ముందు సూప్‌లో ఉప్పు ఎక్కువైంది. సబా చెంచా విసిరికొట్టాడు. నా మోచేతికి తగిలింది, నూడుల్స్ పోయి ఫ్రిజ్ తలుపుకు అతుక్కున్నాయి. నేను తుడిచేసి మర్చిపోయాను.

ఉపవాసం మొదలయ్యే రోజు మధ్యాహ్నం ఆయన వాకర్ నెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి "స్లిఖా" అన్నాడు. క్షమించు అని. దేవుడి పట్ల చేసిన తప్పు యోమ్ కిప్పూర్‌తో పోతుంది గానీ, మనిషికి చేసిన తప్పు ఆ మనిషిని అడిగి ఒప్పించుకోనిదే పోదని వాళ్ల నియమం. నేను మర్యాదకు, "పర్వాలేదు సబా, ఆ రోజు నీకు షుగర్ పెరిగింది, నీ తప్పేం లేదు" అన్నాను. (హీబ్రూలో 'మీరు' అనే గౌరవం లేదు, పెద్దాయన్నైనా 'నువ్వు' అనాల్సిందే. నాకు అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది.)

ఆయన వాకర్‌ను నేలకేసి కొట్టాడు. "షుగర్ విసరలేదు. నేను విసిరాను. తప్పే లేదంటే నువ్వు క్షమించేది దేన్ని?"

తప్పు తనదేనని ఇట్లా కొట్లాడేవాణ్ణి నేను మా ఊళ్లో చూడలేదు. అంతకుముందు వీసా ఇప్పిస్తానని పైసలు తీసుకొని ఏడాది తిప్పిన ఏజెంట్ చివరికి ఏమన్నాడో తెలుసా? "నీ రాతలో లేదన్నా, నేనేం చేయను" అన్నాడు. పైసలు తిన్నది వాడు, రాత నాది! కర్మ సిద్ధాంతం కూడా మనిషి చేసినదాని గురించే కదా అని కింద కామెంట్ పెట్టేవాళ్లు ఎట్లాగూ ఉంటారు. పుస్తకంలో అంతే, సరే. ఒక్కసారి పంచాయితీకి వచ్చి వినండి.

ఇక దేవుడికి ముందే తెలియడం సంగతి. పాతకాలపు యూదు గురువు రబ్బీ అకీవా రెండూ నిజమే అన్నాడు: అంతా ముందే కనబడింది, అయినా ఎంపిక మనిషికే వదిలారు. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్, అక్కడివాళ్లు రాంబామ్ అంటారు, దేవుడికి తెలియడం మనకు తెలియడం లాంటిది కాదు, అది మన బుర్రకు అందదు, చేసే పని మాత్రం మన చేతిలోదే అని తేల్చేశాడు. నాకైతే అది జవాబు దాటేసినట్టే ఉంది. సబాతో అంటే నవ్వాడు. కానీ ఆ రాంబామే చెప్పిన ఇంకో మాట నాకు పట్టుకుంది: అదే సందర్భం మళ్లీ వచ్చి, ఆ తప్పు చేసే సత్తువ ఇంకా ఉండి కూడా చేయకపోతేనే పశ్చాత్తాపం పూర్తయినట్టు.

యోమ్ కిప్పూర్ అయిన కొద్ది రోజులకే వచ్చే సుక్కోత్ పండుగలో మళ్లీ ఉప్పు ఎక్కువైంది. నా చెయ్యే అంత. సబా ఒక్క గుక్క నోట్లో పెట్టుకొని మొహం చిట్లించాడు. చెంచా గాల్లో ఆగింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

చెంచా గిన్నెలో పెట్టి "నీళ్లు తే" అన్నాడు. సూప్‌లో అర గ్లాసు పోసుకొని మొత్తం తాగేశాడు.