దసరా నుంచి కార్తీకం దాకా మా ఇల్లు, మా పిల్లలు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. దసరా సెలవుల నుంచి కార్తీక మాసం ముగిసేదాకా ఉద్యోగం చేసే తండ్రి పిల్లలతో ఎలా గడుపుతాడన్నది ఒకటి. మార్కులనూ బహుమతులనూ పక్కన పెడితే పిల్లలను చూసి గర్వపడే సందర్భాలు ఎక్కడ దొరుకుతాయన్నది రెండోది. నా అనుభవంలో ఈ రెండింటికీ సమాధానం ఒకటే. మిగిలిన నెలల్లో పిల్లలు ఏం చేయాలో బడి చెబుతుంది, ట్యూషన్ చెబుతుంది, మనమూ చెబుతూనే ఉంటాం. ఆశ్వయుజ, కార్తీకాల్లో మాత్రం ఇంటి నిండా పనులు, చుట్టాల రాకపోకలు, పండుగలు ఉంటాయి కాబట్టి, ఎవరూ చెప్పకుండా వాళ్ళంతట వాళ్ళు చేసే పనులు మన కంటపడతాయి. నాకు గర్వం కలిగేది ఆ పనులను చూసినప్పుడే.

మేము హైదరాబాద్‌లోని హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సొంత ఊరు సిద్దిపేట దగ్గర ఒక పల్లె. ఇంట్లో మా అమ్మ, నేను, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలైన నా భార్య, ఇద్దరు పిల్లలు. కింద నేను రాస్తున్న సంగతులు 2025 నాటివి. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి చదువుతున్నారు. నా ఆఫీసు రాయదుర్గంలో ఉంది. మెట్రో ఉన్నా, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. అందుకని పొద్దుటి వేళ నాది. టిఫిన్ బాక్సులు కట్టడం, జడ వేసుకుంటున్న పాపకు తిథులూ వారాలూ ఒప్పజెప్పించడం, బాబు బూట్లు వెతకడం నా పనులే. ఈ కాలంలో దానికి ఇంకో పని తోడవుతుంది. మా ఆవరణలో ఒక పారిజాతం చెట్టు ఉంది. అది రాత్రి పూసి తెల్లవారేసరికి నేలంతా రాలుస్తుంది. రాలిన పూలను కూడా పూజకు వాడుకునే చెట్టు అది కనుక, అమ్మ కోసం ఆ పూలు ఏరడం బాబుకూ నాకూ వంతు. చెప్పుకోదగ్గ పెద్ద కబుర్లేమీ ఉండవు. కానీ వాడు బడి సంగతులు నాకు విడమరిచి చెప్పేది ఆ కాసేపట్లోనే.

ఆ సంవత్సరం బడికి సెలవులు సెప్టెంబర్ 21న మొదలయ్యాయి. బతుకమ్మ పండుగలో మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే వచ్చింది. బతుకమ్మ పేర్చడం మా అమ్మాయికి వాళ్ళ బాపమ్మ, అంటే మా అమ్మ, నేర్పిన విద్య. చూసేవారికి తేలికగా కనిపిస్తుంది కానీ ఓపిక కావాలి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు పూలను వరుసగా పేర్చి, దాని మీద రంగులద్దిన గునుగు పూల కట్టలు, ఆ పైన బంతి, చామంతి, కట్ల పూలు పెట్టాలి. ప్రతి వరుసకూ లోపలి ఖాళీని తరిగిన ఆకులతో, కాడలతో నింపి అదుముతూ రావాలి. అలా అదమకపోతే కాస్త ఎత్తు పెరగగానే ఒక పక్కకు ఒరిగిపోతుంది. చివరన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. గునుగు పూలను ముందురోజే కొసలు సమంగా కత్తిరించి, రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టుకోవాలి. ఆ పని మా బాల్కనీలో సాగుతుంది, నేల మీద పడిన గులాబీ రంగు మరకలు దీపావళి దాకా పోవు.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు నా భార్య నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర కలుపుతూ, అమ్మ మలీద ముద్దలు కడుతూ ఉండగా, అమ్మాయి కింద హాల్లో మిగతా ఆడపిల్లలతో కూర్చుని బతుకమ్మను పేరుస్తోంది. ఆ మధ్యనే రెండో అంతస్తులోకి ఒడిశా నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పాప ఖాళీ పళ్ళెం పట్టుకుని దూరంగా నిలబడి చూస్తోంది. మా అమ్మాయి ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తన తంగేడులో సగం ఆ పళ్ళెంలో పోసి, మొదటి వరుస ఎలా పెట్టాలో వేళ్ళు పట్టి చూపించింది. సాయంత్రానికి తన బతుకమ్మ ఎప్పటికన్నా పొట్టిగా వచ్చింది. దాని గురించి తాను ఒక్క మాట కూడా అనలేదు. అంతా మెట్ల మీద నుంచి చూసిన మా అమ్మ, "నా చెయ్యే వచ్చింది దీనికి" అంది. అమ్మ అలా ఎవరినీ ఊరికే మెచ్చుకోదు.

దానికి కొద్ది రోజుల ముందు మరో సంఘటన జరిగింది. మా చెల్లెలు మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. సెప్టెంబర్ 27, శనివారం నాడు పండుగకు మా ఇంటికి బయలుదేరింది. ముందురోజు రాత్రి జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వరద చేరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నేను నిద్రలేచేసరికే అమ్మాయి వార్తలు చూసి, అత్తకు ఫోన్ చేసి, ఆ వైపు బస్సులు ఆరాంఘర్ దగ్గరే ఆగుతున్నాయి కాబట్టి అక్కడే దిగమని చెప్పింది. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనలు మూసేశారు కనుక నేను నాగోల్, ఎల్‌బీనగర్ మీదుగా వెళ్ళాలని ఒక కాగితం మీద దారి గీసి ఇచ్చింది. ఆ దారినే వెళ్ళి చెల్లెలిని తీసుకొచ్చాను. తను తెచ్చిన సీతాఫలాల బుట్టను పిల్లలిద్దరూ ముందేసుకుని, కళ్ళు విచ్చినవి ఈ రోజుకు, పచ్చివి బియ్యం డబ్బాలోకి అని వేరు చేశారు. మహబూబ్‌నగర్ సీతాఫలం రుచి నగరంలో పుట్టిన పిల్లలకు కూడా ఇలా అత్తల చేతుల మీదుగా అందడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మూసీ మాట వచ్చింది. 1908లో కూడా సరిగ్గా సెప్టెంబర్ చివరి రోజుల్లోనే, 28న, మూసీ నగరాన్ని ముంచెత్తిందనీ, ఆ ఘోరం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారనీ చెప్పాను. బాబు అన్నీ విని, "మరి నది ఒడ్డున ఉండేవాళ్ళు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు?" అని అడిగాడు. పునరావాస కేంద్రాల గురించి నాకు తెలిసినంత చెప్పాను. ఆ ప్రశ్న వాడికి తోచినందుకు ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తిని ఏ ప్రోగ్రెస్ కార్డూ ఇవ్వలేదు.

దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. సాయంత్రం జమ్మి పూజకు మైదానానికి వెళ్ళాం. అక్కడ ఒకతను పంజరం మీద గుడ్డ కప్పి, డబ్బులిచ్చిన వారికి పాలపిట్టను చూపిస్తున్నాడు. దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని మన నమ్మకం, జనం వరుస కట్టారు. అమ్మ కోసం నేను కూడా ఆగబోయాను. బాబు నా చెయ్యి పట్టుకుని, "వద్దు డాడీ, పాలపిట్ట ఎగురుతుంటే కదా చూడాలె" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. కూర్చుని ఉన్నప్పుడు గోధుమ వన్నెలో కనిపించే ఆ పక్షి రెక్కల నీలిరంగు ఎగిరినప్పుడే పూర్తిగా విచ్చుకుంటుంది. పైగా దాన్ని పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి వాడికి ఆ తర్వాత నేను చెప్పాను. వాడు మాత్రం పక్షి అవస్థ చూసే అన్నాడు. బాపమ్మకు బాధ కలుగుతుందేమోనని వాడే ఆమె దగ్గరకు వెళ్ళి, రేపు ఊరికి పోతున్నాం కదా, దారిలో చూపిస్తానని మాట ఇచ్చాడు. పెద్దలకు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతున్నప్పుడు ఆ మాటే అందరికీ చెప్పాడు.

మర్నాడు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక వాడు కిటికీకి అతుక్కుపోయాడు. పత్తి చేన్లు అప్పుడప్పుడే తెల్లబడుతున్నాయి. గజ్వేల్ ఇంకా రాకముందే కరెంటు తీగ మీద ఒకటి కనిపించింది. కారు పక్కకు ఆపాం. అది కిందికి వాలి, పురుగును పట్టి, మళ్ళీ పైకి లేచేదాకా అమ్మ చేతులు జోడించుకునే ఉంది. ఒక రోజు ఆలస్యమైనా శుభానికి లోటు లేదని ఆమే తేల్చింది. తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పమనీ, జమ్మి రాష్ట్ర వృక్షమనీ, పాలపిట్ట రాష్ట్ర పక్షి అనీ, మూడింటినీ ఒకే పండుగలో చూశాననీ బాబు సెలవుల డైరీలో రాసుకున్నాడు. ఈ మూడింటినీ అలా కలిపి చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

దీపావళి గురించి ఎక్కువ చెప్పను. దీపాలు పెట్టుకున్నాం, కొద్దిగా చిచ్చుబుడ్లు కాల్చుకున్నాం, అమ్మకు పొగ పడదు కాబట్టి తొందరగా ముగించాం.

ఆ తర్వాత కార్తీకం. అమ్మ తెల్లవారుజామునే స్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడుతుంది. పౌర్ణమికి 365 వత్తులు కావాలి. ఆమె వేళ్ళు ఇప్పుడు అంతసేపు దూదిని తిప్పలేవు. అమ్మాయి రోజూ రాత్రి చదువు అయ్యాక బాపమ్మ పక్కన కూర్చుని కాసేపు వత్తులు చేసి డబ్బాలో వేస్తూ వచ్చింది. అప్పుడే బడిలో ఎస్‌ఏ–1 (అర్ధ సంవత్సర) పరీక్షలు కూడా నడుస్తున్నాయి. నా భార్య పాఠాలు చూసుకోమని ఒకటి రెండుసార్లు లేపింది. పాఠం ఒప్పజెబుతూనే వత్తి చేస్తానని పాప సర్దిచెప్పింది.

అక్టోబర్ చివర మొంథా తుఫాను వానలు మా ఊరి వైపు గట్టిగా పడ్డాయి. కోసి ఆరబోసిన వడ్లు తడిశాయని మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి రాగానే బాబు ఎదురొచ్చాడు. ఆ రోజు వాడికి లెక్కల పరీక్ష. పరీక్ష మాట ఎత్తకుండా, "బాబాయి వడ్లు ఆరినయా?" అని అడిగాడు. ఆరలేదని చెబితే, తనే ఫోన్ తీసుకుని బాబాయితో మాట్లాడాడు. మళ్ళీ ఎండ వచ్చిందాకా ప్రతి సాయంత్రం అదే పని. అవతల మా తమ్ముడు, ఇంట్లో ఇంకెవరూ అడగనన్ని ప్రశ్నలు వీడు అడుగుతున్నాడని సంతోషపడ్డాడు.

మీరు కూడా ఉద్యోగం చేస్తున్నానని రాశారు కాబట్టి, సెలవులన్నీ పెట్టమని నేను చెప్పను. నేను కూడా సద్దుల బతుకమ్మకూ, ఊరికి వెళ్ళిన రోజుకూ మాత్రమే సెలవు పెట్టాను. మీకు వీలుంటే ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే పెత్తర అమావాస్యకు ముందటి సాయంత్రం కాస్త ముందుగా ఇంటికి చేరి, పిల్లలను వెంటబెట్టుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కైనా, దగ్గరలో పల్లెల వాళ్ళు తంగేడు, గునుగు తెచ్చి అమ్మే కూడలికైనా వెళ్ళండి. ఏ పూలు ఎన్ని కావాలో వాళ్ళనే లెక్క వేయనివ్వండి, బేరం కూడా వాళ్ళనే చేయనివ్వండి. సంచి మీరు పట్టుకోండి.