‘అప్రోచెస్’ అంటే ఫెయిల్ కాదమ్మా

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో గ్రేడు పూర్తయింది. ఏప్రిల్‌లో రాసిన స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో లెక్కల్లో ‘మీట్స్’, రీడింగ్‌లో ‘అప్రోచెస్’ వచ్చాయి. స్నేహితుల పిల్లలకు రెండింట్లోనూ ‘మాస్టర్స్’ వచ్చిందట. వాడు ఫెయిలయ్యాడని మావారి బాధ. క్రికెట్ మాన్పించి వారానికి నాలుగు రోజులు ట్యూషన్ పెట్టించారు. నేను వద్దంటే ‘నీ గారాబం వల్లే ఇలా అయ్యాడు’ అంటారు. నోటి లెక్కలు వాడు ఠక్కున చెబుతాడు. అదే లెక్కను కాగితం మీద చదివి చేయమంటే వరుసలు తప్పుతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. మొన్న ట్యూషన్ కాగితం దిండు కింద దాచి, ‘అమ్మా, నాన్నకు చెప్పకు’ అన్నాడు. నేనేం చేయాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ దిండు కింది కాగితం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిదేళ్ల పిల్లవాడు దిండు కింద దాచుకుంటే పోకెమాన్ కార్డులు దాచుకోవాలి. మార్కుల కాగితం దాచే వయసు కాదది.

ముందు ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. స్టార్ పరీక్షలో ‘అప్రోచెస్’ అంటే పాసైనట్టే. అందులో నాలుగు మెట్లున్నాయి. అడుగున ‘డిడ్ నాట్ మీట్’, దాని మీద ‘అప్రోచెస్’, ఆపైన ‘మీట్స్’, అన్నిటికంటే పైన ‘మాస్టర్స్’. అడుగు మెట్టు దాటితే చాలు, పాసైనట్టే. మీ బాబు రెండు సబ్జెక్టుల్లోనూ ఆ గీత దాటాడు. చదవడంలో ఇంకాస్త సాయం కావాలి, అంతే. ‘దగ్గరికి వస్తున్నాడు’ అనే అర్థం వచ్చే ఆ పేరు చూసి, ఇంకా గట్టు చేరలేదేమోనని తల్లిదండ్రులు కంగారు పడుతుంటారు.

మీవారు ఈ కాగితాన్ని ఎంసెట్ ర్యాంకు చూసినట్టు చూస్తున్నారని నాకనిపిస్తోంది. మన దగ్గర చదువుకుని వెళ్లినవారిని నేను తప్పుపట్టను. ర్యాంకు పోతే సీటు పోయేది, ఒక్క సీటుతో ఇంటి రాత మారేది. స్టార్ పరీక్షలో పోవడానికి సీటంటూ లేదు. ఇది పాసైతేనే నాలుగో గ్రేడుకు పంపాలన్న షరతును రాష్ట్రం పెట్టలేదు. ఐదో గ్రేడు చదివే పిల్లలకు అలాంటి షరతు ఉండేది, దాన్ని కూడా 2021లో తీసేశారు. మూడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ఏటా రీడింగ్, లెక్కల్లో పరీక్ష పెట్టాలని 2002లో అమెరికా అంతటికీ చట్టం వచ్చింది, బడులు పేదా గొప్పా తేడా లేకుండా పిల్లలందరికీ నేర్పుతున్నాయో లేదో చూడటానికి. టెక్సాస్‌లో ప్రతి బడికీ ఏ నుంచి ఎఫ్ దాకా వేసే గ్రేడులో ఈ ఫలితాలది పెద్ద వాటా. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు ముందుగా వెతికేది ఆ అక్షరాన్నే. బడిని కొలవడానికి తెచ్చిన బద్దతో ఇంట్లో పిల్లవాడి వీపు వాయిస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇక మీరు మామూలుగా రాసేసిన ఒక మాట నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది. నోటి లెక్క వస్తుంది, చదివి చేయమంటే వరుసలు తప్పుతాడు అన్నారు. లెక్క తెలియక తప్పడం వేరు, అక్షరాల దగ్గర తడబడి తప్పడం వేరు. ఫలితాల కాగితం మీద ఉన్న కోడ్‌తో రాష్ట్ర పరీక్షల వెబ్‌సైటులోకి వెళ్తే, ప్రతి ప్రశ్నా, దానికి మీ బాబు ఇచ్చిన జవాబూ కనిపిస్తాయి. ఒక గంట కేటాయించి మీరు ఒంటరిగా చూడండి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవద్దు. 2023 నుంచి రీడింగ్ పరీక్షలో, చదివిన దాని మీద పెద్ద జవాబు ఒకటి పిల్లలే టైపు చేయాలి. రెండు వేళ్లతో అక్షరాలు వెతుక్కునే మూడో గ్రేడు పిల్లలు అక్కడ రెండు వాక్యాలతో ఆపేస్తుంటారు. మార్కులు అక్కడే పోయి ఉంటే దిగులు పడాల్సింది లేదు. పొడవైన పాఠాలు వచ్చిన ప్రతిచోటా తప్పులే ఉంటే మాత్రం, ముందు కళ్ల పరీక్ష చేయించండి. చూపు బాగానే ఉందంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో చూడాలి. ఉత్తరం చదివి ఉందని తేల్చే పని నేను చేయను. ఉన్నా అది తెలివితక్కువతనం కాదని మాత్రం మీవారికి గట్టిగా చెప్పగలను.

డిస్లెక్సియా ఉందో లేదో చూసే పరీక్షకు బడి మీ దగ్గర రూపాయి తీసుకోదు. ప్రిన్సిపాల్‌కు నోటిమాటగా చెప్పి వదిలేయకుండా, తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి. రాసి ఇస్తే 15 బడి దినాల్లోగా వాళ్లు జవాబివ్వాలి. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నాక, సాధారణంగా 45 బడి దినాల్లోగా పరీక్ష ముగించాలి. అసలు చిక్కు చదవడంలోనే ఉంటే, నాలుగు రోజుల ట్యూషన్ అంటే వాడికి రానిదాన్నే వారానికి నాలుగుసార్లు ముందు పెట్టడం.

పక్క తడపడం గురించి పిల్లల డాక్టరుకు ఈ వారంలోనే చూపించండి. ఆగిపోయింది మళ్లీ మొదలైందంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, చక్కెర వంటివి లేవని తేల్చుకోవాలి. అవేవీ కాకపోతే అది వాడి భయం కావచ్చు. పొద్దున్నే మాట్లాడకుండా దుప్పటి మార్చేయండి. ఆ సంగతి ఊళ్లో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో కూడా వాడు వింటుండగా చెప్పవద్దు.

మీవారితో మాట్లాడటం భోజనాల బల్ల దగ్గర వద్దు. పిల్లవాడు నిద్రపోయాడనుకుని పక్క గదిలోనూ వద్దు, పిల్లలు అన్నీ వింటారు. వాడు స్నేహితుడి ఇంట్లో ఉన్న సాయంత్రం ఇద్దరూ నడకకు వెళ్లండి. ‘మీదే తప్పు’ అని మొదలుపెడితే గారాబం మాట మళ్లీ వస్తుంది. ‘చిన్నప్పుడు మీకు మార్కులు తగ్గిన రోజు ఇంట్లో ఏం జరిగేది?’ అని అడిగి ఊరుకోండి. చెప్పడానికి ఆయనకు సమయం పట్టవచ్చు. ఈ ప్రశ్న దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్న తండ్రులను నేను చూశాను. ఆయన దుర్మార్గుడని నేననుకోను, భయపడుతున్నారు. కాకపోతే ఆ భయాన్ని తీసుకెళ్లి పిల్లవాడి నెత్తిన పెట్టారు. అది దించాల్సింది ఆయనే. ‘నువ్వు పాసయ్యావు కన్నా, నేనే సరిగ్గా చదవలేదు’ అని ఆయన నోటితోనే బాబుకు చెప్పాలి. మీరు వందసార్లు చెప్పినా దానికి సాటి రాదు.

రాత్రి ఇరవై నిమిషాలు కథల పుస్తకం కూడా ఆయనకే అప్పగించండి. ఆయన ఒక పేజీ చదివితే వాడు నాలుగు వరుసలు చదవాలి. వరుస కింద ఒక అట్టముక్క పెట్టుకుంటే చూపు జారదు. తప్పు చదివితే ఆపవద్దు, కథ సాగనివ్వండి. వారాంతపు విందుల్లో ‘మీవాడికెంత?’ అని ఎవరైనా అడిగితే ‘మా ఇంట్లో మార్కులు బయట చెప్పుకోవడం లేదండీ’ అనేయండి. రెండుసార్లు అంటే మూడోసారి ఎవరూ అడగరు.

ట్యూషన్ ఎన్ని రోజులకు తగ్గించాలో మీరిద్దరూ నిదానంగా తేల్చుకోవచ్చు. ఈ శనివారం మాత్రం వాడి బ్యాటు వాడికి ఇచ్చేయండి. బడి వాళ్ల జవాబు వచ్చాక మళ్లీ రాయండమ్మా, ఎదురు చూస్తుంటాను.