మూడు చక్రాల బండి కొనబోయే పాపకు పెద్దనాయన రాసేది

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. నాలుగు రకాల బండ్లు పంపి, కింద "ఏది తీసుకోమంటావు పెద్దనాయనా" అని ఒక్క ముక్క రాశావు. ఇది ఫోన్లో తేలే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువు. మీ అమ్మకు కూడా చదివి వినిపించు. నీ యాక్సిడెంటు తర్వాత బండి అనే మాట వింటేనే ఆమెకు గుండె దడ. ఆ భయం తగ్గాలంటే ఈ లెక్క ఆమెకూ తెలియాలి.

ముప్పై నాలుగేళ్ళు తిరుపతి రేణిగుంట రోడ్డులో మెకానిక్ షెడ్డు నడిపాను. బర్డ్ ఆసుపత్రిలో పోలియో ఆపరేషన్ చేయించుకుని, కాళ్ళకు ఊతంగా కట్టే కాలిపర్లు వేసుకుని, అక్కడి నుంచి నేరుగా మా షెడ్డుకు వచ్చి "అన్నా, నాకు ఒక బండి చెయ్యి" అన్నవాళ్ళు ఎంతోమంది. వాళ్ళ బండ్లు బిగించి, మళ్ళీ రిపేరుకు వచ్చినప్పుడు విప్పి చూసి నేర్చుకున్నదే నీకు చెప్తున్నా.

అన్నిటికన్నా ముందు ఒకటి తెలుసుకో. రెండు చక్రాల బండి ఆగినప్పుడు పడుతుంది. మూడు చక్రాల బండి తిరిగినప్పుడు పడుతుంది. మూడు చక్రాలున్నాయి కదా, ఇక పడదులే అనుకుని చాలామంది మోసపోయారు. ప్రతి రకం బండికీ పడే తీరు ఒకటి ఉంటుంది. ఏ బండి ఎప్పుడు, ఎటువైపు పడుతుందో తెలుసుకో. ఆ పడే తీరుకు బలం తగ్గిన నీ ఎడమ కాలు, నీ దారి తట్టుకుంటాయా అని చూసుకుని ఎంచుకో. రంగు, మోడలు తర్వాత.

మీ అవ్వ వంటింట్లో ముక్కాలి పీట ఉండేది గుర్తుందా? దాని మీద కూర్చుని ఒక కాలు ఉన్నవైపు ఎంత ఒరిగినా ఏమీ కాదు. రెండు కాళ్ళ మధ్య ఖాళీ ఉన్నవైపు కొంచెం ఒరిగితే చాలు, పీట తిరగబడేది. మూడు చక్రాల బండ్ల కథంతా ఆ పీటలోనే ఉంది.

ముందు ఒక చక్రం, వెనక రెండు ఉన్న బండిని తీసుకో. మన ఆటోలన్నీ అదే రకం. మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకీ, మలుపు బయటివైపుకీ పోతుంది. సరిగ్గా అక్కడే ఖాళీ. ఆటో బోల్తా పడిందని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ పీటే గుర్తొస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి ఉంటే అదే బరువు వచ్చి ముందున్న బయటి చక్రం మీద కూర్చుంటుంది. అక్కడ ఆసరా ఉంది. అందుకే ఆ రకం మలుపుల్లో ఎక్కువ గట్టిగా నిలబడుతుంది.

నువ్వు పంపిన పసుపు రంగు కెనడా బండి, 2007లో వచ్చిన స్పైడర్, ఆ రకమే. మంచి బండి, నేను కాదనను. కానీ 300 కిలోల పైమాట. మీ బైరాగిపట్టెడ సందులో దాన్ని తిప్పుకోవాలన్నా మనిషి సాయం కావాలి. ఒక కేబుల్ తెగితే ఇక్కడ ఎవరి దగ్గరికి పోతావు? నీకు కావాల్సింది రోజూ చంద్రగిరి స్కూలుకు పోయి వచ్చే బండి. దాన్ని పక్కన పెట్టేద్దాం.

యమహా నైకెన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని కిందే నువ్వు మూడు లవ్ గుర్తులు పెట్టావు. ముందు రెండు చక్రాలున్నా అది మలుపులో మామూలు బైకులాగే ఒరుగుతుంది. ఆ రెండు చక్రాలూ రోడ్డు మీద పట్టు కోసం ఉన్నాయి, నిలబెట్టడానికి కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే కాలు కింద పెట్టాల్సిందే. ఎడమ కాలు మోకాలి కింద బలం లేని నువ్వు 260 కిలోల బండిని ఆ కాలి మీద ఎట్లా ఆపుతావు తల్లీ? చూడటానికి అది మూడు చక్రాల బండి, పడటంలో మాత్రం రెండు చక్రాల బండే. ఇటలీ పియాజియో వాళ్ళు 2006లో తెచ్చిన ఎంపీ3 అనే స్కూటరుకు ఆగేముందు ఆ ఒరుగుడును లాక్ చేసే మీట ఉంది. అది నీలాంటి వాళ్ళకు కొంత పనికొచ్చే ఆలోచన. అయినా లాక్ వేయడం ఒక్కసారి మర్చిపోతే చాలు. రోజుకు ఇరవైసార్లు ఆగే ట్రాఫిక్‌లో అంత టెన్షన్ నీకు వద్దు.

ఇక సైడ్ కారు, అంటే బండి పక్కన ఒక చక్రంతో తగిలించే తొట్టి. ఇది నా సొంత కథ.

1980ల్లో నాకు సైడ్ కారు బిగించిన బజాజ్ చేతక్ ఉండేది. మన రోడ్లమీద ఎడమవైపు నడుపుతాం కాబట్టి సైడ్ కారు కూడా ఎడమవైపే. ఒకసారి మీ పెద్దమ్మను, చిన్నోడిని అందులో కూర్చోబెట్టుకుని తలకోనకు పోయాను. కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియరు, బిందె, దుప్పటి. భాకరాపేట ఘాట్ రోడ్డు హాయిగా దాటాం. వచ్చేటప్పుడు వాళ్ళిద్దరూ చుట్టాలింట్లో ఆగిపోయారు. నేనొక్కడినే వస్తున్నా. ఘాట్‌లో ఒక ఎడమ మలుపు దగ్గర, పోయేటప్పుడు తిరిగినంత వేగంతోనే తిప్పాను. ఖాళీ సైడ్ కారు నేల మీద నుంచి లేచింది. ఆ చక్రం నా మోచేతి పక్కన గాల్లో గిర్రున తిరగడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. హ్యాండిల్ కొంచెం కుడికి వదిలితే అది ధబీమని దిగింది. కుడివైపు లోయ కాబట్టి అంతకంటే వదలడానికి జాగా కూడా లేదు. ఆ రోజు నుంచి సైడ్ కారు ఖాళీగా ఉంటే అందులో ఒక ఇసుక మూట వేసుకునేవాణ్ణి.

సైడ్ కారు బండి పడే తీరు అది. ఎడమ మలుపులో, ఖాళీగా ఉన్నప్పుడు. పైగా యాక్సిలరేటర్ ఇస్తే ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. రెండు చేతుల్లో బలం, పదేళ్ళ అలవాటు ఉన్నవాళ్ళకు బాగుంటుంది. నువ్వు రోజూ ఒంటరిగా పోతావు, అంటే నీ సైడ్ కారు రోజూ ఖాళీయే. కాబట్టి వద్దు.

మిగిలింది గేర్లు లేని స్కూటరుకు రెండు పక్కలా చక్రాలు బిగించేది. లెక్కకు వస్తే నాలుగు చక్రాలు, కానీ అందరూ మూడు చక్రాల స్కూటీ అనే అంటారు. నీకు ఇదే తీసుకోమంటాను. బ్రేకులు రెండూ చేతుల్లోనే, గేర్లు లేవు, ఆగితే కాలు దించే పనే లేదు. స్కూటరు భాగాలు చిత్తూరులో అయినా పుత్తూరులో అయినా దొరుకుతాయి. 125 సీసీ లోపు బండ్లకు 2019 నుంచి రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటో, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సో తప్పనిసరి చేశారు. కాబట్టి అంతకంటే పాత బండి చవగ్గా వచ్చినా కొనకు. పక్క చక్రాల బరువు తోడైన బండికి బ్రేకే ప్రాణం. ఆ పక్క చక్రాలకు సాధారణంగా బ్రేకులుండవు.

ఇందులోనే ఇంకో పద్ధతి ఉంది. స్కూటరు వెనక చక్రం తీసేసి ఇరుసు వేసి రెండు చక్రాలు పెడతారు. చూడటానికి పొందికగా ఉంటుంది. అయితే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియల్. అది లేకుండా రెండిటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే బండి తిరగనని మొండికేస్తుంది. ఒక్క చక్రానికే ఇంజన్ కలిపితే ఒకవైపు లాగుతుంది. డిఫరెన్షియల్ ఉందా అని అడుగు. సమాధానం నాన్చితే లేచి వచ్చెయ్.

పక్క చక్రాల బండికీ పడే తీరు ఉంది, దాచను. ముందు ఒకే చక్రం కాబట్టి ఇదీ ఆటో జాతే. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు వేయకూడదు. దీనికి ఇంకో గుణం ఉంది. ఇంజన్ తిప్పేది మధ్య చక్రాన్ని. ఒకాయన బండి స్కూలు గేటు ముందు కాలువ మీద ఆగిపోతే నన్ను పిలిచారు. పోయి చూస్తే పక్క చక్రాలు రెండూ కాలువ గట్ల మీద కూర్చున్నాయి. మధ్య చక్రం గాల్లో తిరుగుతోంది. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా బండి అంగుళం కదలదు. పాపం ఆయన అరగంట నుంచి ఎండలో దాని మీదే కూర్చున్నాడు, దిగే వీలు లేక.

అందుకే డబ్బు కట్టేముందు ఈ పరీక్ష చెయ్యి. పక్క చక్రాలు రెండిటి కిందా చెరో సగం ఇటుక పెట్టించి, నువ్వు ఎక్కి కూర్చో. ఎవరినైనా వంగి చూడమను, మధ్య చక్రం ఇంకా నేలను గట్టిగా తాకుతోందా అని. తాకుతుంటే పక్క చక్రాల స్ప్రింగులు పని చేస్తున్నట్టు. గాల్లో ఉంటే ఆ బిగింపు పనికిరాదు. తర్వాత ఒక్క ఎడమ చక్రం కిందే ఇటుక ఉంచి, బండి ఎంత ఒరుగుతుందో నీ నడుముకే తెలుస్తుంది, చూసుకో.

బ్రాకెట్లు స్కూటరు ఛాసిస్‌కు బోల్టులతో, క్లాంపులతో బిగించాలి. వెల్డింగు పెట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. ఒకసారి వేరేచోట వెల్డింగు చేయించిన బండి నా దగ్గరకు "చప్పుడొస్తోంది" అని వచ్చింది. కడిగి చూస్తే అతుకు పక్కన రంగు పొరలుగా లేచి, దాని కింద వెంట్రుకంత సన్నటి తుప్పు గీత. స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం కదిలిస్తే బ్రాకెట్ ఊడి చేతికొచ్చింది. ఆయన ఆ బండి మీదే కూతురిని ఎక్కించుకుని వచ్చాడు. ఎక్కడ బిగించుకున్నా నెలకోసారి ఆ అతుకులు తుడిచి, వేలితో తడిమి చూడు. రంగు పగిలితే ఆ రోజు బండి తీయకు.

కాగితాల విషయం. ఇక్కడ చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, నువ్వు చెయ్యొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడానికి కుదరదు. అంగవైకల్యం ఉన్నవాళ్ళ అవసరానికి మార్చుకోవడానికి మాత్రం అందులోనే దారి ఇచ్చారు. ఆర్టీఓ ఆఫీసులో చూపించి ఆర్‌సీలో రాయించుకోవాలి. పాత ఆర్‌సీల మీద ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని ఉండేది, 2019 సవరణ తర్వాత అడాప్టెడ్ వెహికల్ అంటున్నారు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకో. నీ పాత లైసెన్సు చాలదు, ఈ రకం బండికి వేరుగా రాయించుకో. ఇన్సూరెన్సు వాళ్ళకూ మార్పు సంగతి కాగితం మీద తెలియజేయి. ఇవన్నీ లేకుండా ఏదైనా జరిగితే క్లెయిము దగ్గర పేచీ పెడతారు.

మీ గేటు వెడల్పు కొలిచావా? స్కూటరు పట్టే గేటులో ఇది పట్టకపోవచ్చు. ఇప్పుడు మెట్ల పక్కన వేసిన పలక స్కూటరు ఎక్కడానికి సరిపోయేది. ఈ బండి చక్రాలు మూడు వరుసల్లో నడుస్తాయి, పలక మీద మధ్య చక్రం మాత్రమే ఎక్కుతుంది, పక్కవి వేలాడతాయి. నిండు వెడల్పుకు సిమెంటు వాలు కట్టించాలి, వాలు మెల్లగా ఉండాలి. ఇంకోటి, ఈ బండిని కాలితో వెనక్కి నెట్టుకోలేవు. స్కూలులోనూ ఇంట్లోనూ ముందుకే పోయేట్టు తిప్పి పెట్టుకో. కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లలో రివర్స్ ఉంది. అలాంటి బండికి పక్క చక్రాలు బిగించుకుని రోజూ నడుపుతున్నవాళ్ళు దొరికితే ఒకసారి నడిపి చూసి అప్పుడు ఆలోచిద్దాం.

చివరగా నడపడం. నువ్వు ముందు స్కూటీ నడిపావు కదా, అదే నీకు మొదటి వారం అడ్డం వస్తుంది. రెండు చక్రాల బండిని ఒళ్ళు ఒరిగించి తిప్పుతాం. దీన్ని హ్యాండిల్ తిప్పి తిప్పాలి. బండి ఒరగదు, నీ ఒళ్ళే మలుపు లోపలివైపుకు వంచాలి. పాత అలవాటులో ఒరిగించబోతే బండి నేరుగా పోతుంది, నీకు కంగారు పుడుతుంది. పది రోజులు ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేస్తూ నడుపు. తర్వాత తెల్లవారుజామున తుమ్మలగుంట వరకు, ఆ తర్వాతే చంద్రగిరి. గుంతలు తప్పించడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. ముందు చక్రాన్ని తప్పించినా పక్క చక్రం పడుతుంది. కాబట్టి తప్పించుకోలేని గుంతను నిదానంగా, రెండు పక్కలా సమంగా దాటు.

చేతికర్రకు క్లిప్పు బిగించమని ముందే చెప్పు, కుడివైపు. తర్వాత వేయించుకుందాంలే అంటే ఎవరూ వేయరు, నువ్వు కర్రను కాళ్ళ మధ్య పెట్టుకుని నడుపుతావు. అది హ్యాండిల్‌కు అడ్డం పడుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి యూనివర్సిటీ దగ్గర ఉంటాను. నాకు తెలిసిన ఒకాయన తన బండి ఇస్తానన్నాడు, అదే రకం, ఆరేళ్ళుగా నడుపుతున్నాడు. నువ్వు ఎక్కి చూడు. మీ అమ్మను కూడా వెంట తీసుకురా. ఆలోపల గేటు కొలత టేపుతో కొలిచి పంపు, అంగుళాలతో సహా.

మీ పెద్దనాయన