ఉచితంగా వాదిస్తే ఇల్లెలా గడుస్తుందండీ?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. చిన్న కిరాణా షాపు. మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడు చదువుతోంది. ఒక పెద్ద లా ఫర్మ్ పేదలకు ఉచితంగా కేసులు వాదిస్తామని మాట ఇచ్చిందట. అది చదివినప్పటి నుంచి తానూ అదే పని చేస్తానంటోంది. అలాగైతే బతుకుదెరువు ఎలా? సంబంధానికి వచ్చేవాళ్లు ఏమనుకుంటారు? హైదరాబాద్‌లో కార్పొరేట్ ఫర్మ్ మేలా, లీగల్ ఎయిడ్ మేలా, పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి, బరంపురం నుంచి కూడా నాకు ఇదే ప్రశ్న వస్తుంటుంది. కోర్సు పేరు మారుతుంది కానీ టెన్షన్ ఒకటే. ఆడపిల్ల ఊరందరికీ చాకిరీ చేసి చివరికి ఖాళీ చేతులతో మిగులుతుందేమోనని.

ఉచితం క్లయింటుకండీ, లాయరుకు కాదు. ఫర్మ్‌లో చేరితే జీతం ఫర్మే ఇస్తుంది, ఆ కేసుకు బిల్లు వేయదు, అంతే. లీగల్ ఎయిడ్ అంటే ప్రభుత్వం తరఫున ఇచ్చే ఉచిత న్యాయ సాయం. దాని ప్యానెల్ లాయరుకైతే (ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయరుకు) జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కేసుకింత అని ఇస్తుంది. అది పెద్ద మొత్తమేం కాదు, చేతికి రావడం ఆలస్యమూ కావచ్చు. క్లయింటు దగ్గర పైసా ముట్టకూడదు, కానీ విడిగా సొంత కేసులు చూసుకోవచ్చు. 2022 స్కీముతో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని ఇంకో దారీ వచ్చింది. అందులో నిందితుల తరఫున క్రిమినల్ కేసులే ఉంటాయి, నెలనెలా గౌరవ వేతనం ఇస్తారు, సొంత ప్రాక్టీసు మాత్రం కుదరదు. అసిస్టెంట్ స్థాయిలో కొత్తవాళ్లనూ తీసుకుంటారు.

ఇక పిల్లలంతా మోజుపడే కార్పొరేట్ ఫర్మ్ మీద నాకు అనుమానాలున్నాయి. పేదల కేసులు ఉచితంగా చూస్తామనడం మంచి మాటే. హైకోర్టులో ఏళ్ల తరబడి నడిచే కేసును మోయగల ఓపిక, డబ్బు పెద్ద ఫర్మ్‌కే ఉంటాయి. కానీ ఆ మాటకు లెక్క ఎవరు చూస్తారు? అమెరికా బార్ అసోసియేషన్ లాయర్లను ఏడాదికి కనీసం 50 గంటలు ఇవ్వమంటుంది, అదీ తప్పనిసరి కాదు. మన బార్ కౌన్సిల్ నియమాల్లో, ఫీజు ఇచ్చుకోలేనివాడికీ న్యాయ సాయం అందాలని ఉంది గానీ ఇన్ని గంటలని లేదు. అందుకే అమ్మాయిని ఆ ఫర్మ్ జూనియర్లతో మాట్లాడి ఒక్క సంగతి కనుక్కోమనండి: పేదల కేసుకు పెట్టిన గంటలు వాళ్ల పనిలో లెక్కకొస్తాయా, లేక అర్ధరాత్రి దాకా కంపెనీల కాంట్రాక్టులు దిద్ది, ఆదివారం పూట ఈ సేవ చేయాలా? ఆ ఉద్యోగాల్లో చాలావరకు కొన్ని నేషనల్ లా యూనివర్సిటీల పిల్లలే తన్నుకుపోతారన్నది కూడా మరిచిపోవద్దు.

మీ ఊరి సంగతి చూడండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసీల రక్షణకు ప్రత్యేక నియమాలున్న ప్రాంతం. ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఉంది, అయినా తగాదాలు ఆగలేదు. ఎఫ్ఐఆర్ ఒడియాలో ఉంటుంది. బాధితురాలికి కువి (అక్కడి కోందు ఆదివాసీల భాష) తప్ప రాదు, కాగితం మీద వేలిముద్ర వేసి ఉంటుంది, అందులో ఏం రాశారో ఆమెకే తెలియదు. తెలుగు, ఒడియా వచ్చి, కాస్త కువి కూడా అర్థమయ్యే లాయరు హైదరాబాద్ ఫర్మ్‌కి ఎక్కడ దొరుకుతుంది? మీ గల్లా ముందు నిలబడేవాళ్లే రేపు మీ అమ్మాయి క్లయింట్లు. అయితే ఒడియా మాట్లాడితే చాలదు, పోలీసుల చేతిరాత చదవగలగాలి. ఇప్పటినుంచే పట్టు సాధించమనండి.

ఆ సంబంధాల మాట మాత్రం నాకు నచ్చలేదు. ‘లీగల్ ఎయిడ్ లాయరా’ అని మూతి విరిచేవాళ్లకు పిల్లనెందుకిస్తారండీ? 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఏ మహిళకైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సాయం పొందే హక్కుంది. మీకు షాపున్నా సరే, మీ ఇంట్లో ఆడవాళ్లకూ ఉంది. అది ముష్టి కాదు.

డబ్బు విషయం దాచను. మొదటి మూడు నాలుగేళ్లు ఏ కోర్టులోనైనా గడ్డుకాలమే. జూనియర్లకు గ్రామీణ ప్రాంతాల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు చెప్పింది. అది సిఫార్సే, ఇవ్వనివాళ్లు చాలామంది. అన్నాళ్లూ ఇంట్లో తిండి, నెత్తిన నీడ మీరు చూసుకోగలిగితే చాలు, మిగతాది తను చూసుకుంటుంది.

పోలిక అడిగారు గానీ, ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. న్యాయ సాయం కావాల్సినవాళ్లకు దారి చూపే పారా లీగల్ వాలంటీర్లుగా లా విద్యార్థులనూ తీసుకుంటారు. సెలవుల్లో జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లి అడగమనండి. మీరు మాత్రం వెంట వెళ్లకండి.