న్యాయ సందేహాలు: కామన్ లాలో 'కామన్' అంటే?

ప్రశ్న: 'కామన్ లా' అంటే సామాన్యుల చట్టమని ఒకరు, రాయని చట్టమని మరొకరు అంటున్నారు. ఏది నిజం? జడ్జి అన్న ప్రతి మాటా చట్టమైపోతుందా?

జవాబు: ఇక్కడ కామన్ అంటే సామాన్యం కాదు, ఉమ్మడి. 1066లో నార్మన్లు గెలిచేనాటికి ఇంగ్లండులో ప్రాంతానికో ఆచారం ఉండేది. రాజు రెండో హెన్రీ (పాలన 1154–1189) తన న్యాయమూర్తులను దేశమంతా తిప్పాడు. ఒకే రకం తగాదాకు ఎక్కడైనా ఒకే రకం తీర్పు చెప్పే అలవాటు అలా కుదురుకుంది. రాజ్యమంతటికీ ఉమ్మడి కాబట్టి కామన్ లా. ఇక 'రాయనిది' అంటే పార్లమెంటు శాసనంగా రాయనిదని మాత్రమే. తీర్పులు రాతలోనే ఉన్నాయి కదా!

ఆ రోజుల్లో మిమ్మల్ని పొలంలోంచి గెంటేశారనుకోండి. ముందు ఛాన్సరీలో, అంటే రాజు పత్రాలు రాసే కార్యాలయంలో, రాజు పేరిట ఒక రిట్ కొనుక్కోవాలి. అది షెరీఫ్‌కు, అంటే ఆ ప్రాంతంలోని రాజు అధికారికి, వెళ్లే ఆజ్ఞ. అతను 12 మంది స్థానికులను పిలిచి ఆ నేల చూపించేవాడు. న్యాయమూర్తి వచ్చాక వాళ్లు తేల్చాల్సింది ఒక్కటే: ఇతణ్ణి అన్యాయంగా, తీర్పు లేకుండా వెళ్లగొట్టారా, లేదా? అసలు హక్కు ఎవరిదన్న తగువుకు వేరే రిట్ ఉంది. తప్పు రిట్ తెచ్చుకుంటే, న్యాయం మీ వైపే ఉన్నా దావా వీగిపోయేది. ఈ బిగుసుతనం భరించలేక జనం ఛాన్సరీ అధిపతి అయిన ఛాన్సలర్‌ను ఆశ్రయించారు. ఈక్విటీ, అంటే న్యాయబుద్ధిని బట్టి ఉపశమనం ఇచ్చే పద్ధతి, అక్కడ పెరిగింది. 1873–75 చట్టాలతో కామన్ లా, ఈక్విటీ రెండూ ఒకే కోర్టుల్లో కలిశాయి.

మీ రెండో సందేహం ముఖ్యమైనది. ప్రతి మాటా చట్టం కాదు. ఫలితానికి ఆధారమైన సూత్రమే, అంటే రేషియోనే, కింది కోర్టులను కట్టేస్తుంది. మిగతాది ఒబిటర్, దానికి గౌరవం ఉంటుంది కానీ బలవంతం లేదు.

1932 నాటి డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ చూడండి. స్కాట్లండు నుంచి అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వచ్చిన అప్పీలు ఇది. జింజర్ బీరు సీసాలో కుళ్లిన నత్త ఉందని, తాగి జబ్బుపడ్డానని ఒకావిడ దావా. కొన్నది స్నేహితురాలు కాబట్టి ఆవిడకు ఎవరితోనూ ఒప్పందం లేదు. అయినా తయారీదారుకు జాగ్రత్త బాధ్యత ఉంటుందని 3–2 తేడాతో తీర్పు వచ్చింది. ఇందులో నత్త కంటే సీసా ముఖ్యం: లోపల ఏముందో కనబడని గాజు, మధ్యలో ఎవరూ పరీక్షించే వీలు లేదు. ఆ అంశాన్ని వదిలేసి 'తయారీదారుదే ఎప్పుడూ తప్పు' అని చదివితే పొరబాటే. మీరే తీర్పు చదివేటప్పుడు ఒక్కో వాస్తవాన్నీ తీసేసి, ఫలితం మారుతుందా అని అడగండి. మారితే అది రేషియోలో భాగం. మీ కేసులో ఆ వాస్తవం లేకపోతే, ఎదుటి లాయరు పట్టుకునేది అక్కడే.

పై కోర్టు తన పాత తీర్పునే వదిలేయగలదా? 1966 నుంచి, సరైనదనిపించినప్పుడు వదులుతామని హౌస్ ఆఫ్ లార్డ్స్ ప్రకటించింది. అంతకుముందు దశాబ్దాలుగా తన మాటకు తానే కట్టుబడి ఉండేది.