తొలి సీజన్ ఘనత ఎవరిది?

ప్రశ్న: 2023లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హ్యూస్టన్ టెక్సన్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) సి.జె. స్ట్రౌడ్ తొలి సీజన్‌లోనే రాణించడానికి కారణం అతని ప్రతిభా, రిసీవర్ల (ఆ బంతిని అందుకునేవారి) అండా?

జవాబు: రెండూ ఉన్నాయి, కానీ మొగ్గు స్ట్రౌడ్ వైపే. 15 మ్యాచ్‌లలో తన పాస్‌లతో 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించే స్కోర్లు) సాధించడం ఒక ఎత్తయితే, కేవలం 5 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థికి చిక్కడం) ఇవ్వడం మరో ఎత్తు; కొత్తవారు సాధారణంగా తడబడేది అక్కడే. బంతిని ఎప్పుడు వదలాలో తెలియడం రిసీవర్లు ఇచ్చే వరం కాదు కదా!

అయితే 1,297 గజాలు అందుకున్న రిసీవర్ నీకో కాలిన్స్ పాత్రను తక్కువ చేయలేము. అంతకుముందు రెండేళ్లలో ఒక్కసారి కూడా 500 గజాలు దాటని అతడు ఈ స్థాయికి చేరాడంటే, వారిద్దరూ ఒకరికొకరు తోడ్పడ్డారనే చెప్పాలి. మరో కొత్త ఆటగాడు, రిసీవర్ ట్యాంక్ డెల్ డిసెంబరులో కాలు విరిగి సీజన్‌కు దూరమైనా, జట్టు తన డివిజన్‌ను (లీగ్‌లోని నాలుగు జట్ల విభాగాన్ని) గెలిచి, ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను 45-14తో ఓడించింది.

స్ట్రౌడ్ ఎంపికైన డ్రాఫ్ట్‌లోనే (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) అందరికంటే ముందు ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను స్ట్రౌడ్‌తో పోల్చి తీసిపారేయడం మాత్రం అన్యాయం. అతని జట్టు కరోలినాలో ఆడమ్ థీలెన్ తప్ప నమ్మదగిన రిసీవర్ లేకపోగా, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస బలహీనత వల్ల యంగ్ 62 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసరకముందే ప్రత్యర్థులు అతడిని పడగొట్టారు).